సదరు వ్యక్తి ఏ పనీ చేయడం లేదు

ఫోన్‌ను ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో పదకొండో ఫైలుకున్న గుండుసూదులు ఊడదీస్తోంది రెండో మేడమ్. ఫోన్‌లో ఇన్సూరెన్స్ వాళ్ల సంగీతం మోగుతోంది. ఇరవై రెండు నిమిషాలుగా అదే ముక్క. అది ఎక్కడ తెగి ఎక్కడ మళ్లీ మొదలవుతుందో ఆమెకు కంఠతా వచ్చు. తెగిన చోటల్లా ఒక కాగితం తిప్పుతుంది. ముప్పై ఒక్కేళ్లుగా ఇలా ఫోన్లు మోసీ మోసీ ఆమె ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ల ఎత్తున నిలబడిపోయింది. కొత్తవాళ్లు చూస్తే ఈవిడ ఎవరితోనో "ఏమో, నాకేం తెలుసు" అంటోందనుకుంటారు. నిజానికి ఆ ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ సంగతులు పూర్తిగా తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. జుట్టులో నలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. దాన్ని ఫైళ్లకు వేసే రబ్బరు బ్యాండుతోనే ముడి వేసుకుంటుంది. బొటనవేలి చర్మం కాగితాలకు అరిగి నున్నగా మెరుస్తుంది. తలుపు దగ్గరున్న హాజరు మిషన్‌కు ఆ వేలిముద్ర దొరకదు. రోజూ రెండుసార్లు భంగపడి, మూడోసారి చూపుడువేలు పెట్టి లోపలికి వస్తుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. ఒకటో బల్ల దగ్గర ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కు వెళ్లే బిల్లులు చూస్తారు. ప్రభుత్వం కట్టగా మిగిలింది రెండో ఇన్సూరెన్స్ చేత కట్టించే పని రెండో బల్లది. అందుకని ఆవిడ రెండో మేడమ్. ఇంట్లో రెండో సంతానం, అద్దెకుంటున్నది రెండో అంతస్తు. అన్నీ భలే కలిసొచ్చాయని ఆఫీసులో నవ్వుకుంటారు. మొదట్లో ఆవిడా నవ్వేది.

ఆ పని చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. రిటైరైన వాళ్లకు రెండు ఇన్సూరెన్సులు ఉంటాయి. ఒకటి ప్రభుత్వానిది, ఇంకొకటి వాళ్లు జీవితమంతా పనిచేసిన చోటు ఇచ్చినది. ముందు ప్రభుత్వం తన వంతు కట్టాలి. ఏది కట్టిందో, ఏది ఎందుకు కట్టలేదో ఒక కాగితం ఇవ్వాలి. ఆ కాగితం జతచేస్తేనే రెండోవాళ్లు ఫైలు ముట్టుకుంటారు. అదే మనిషి ఇంకా ఉద్యోగంలో ఉంటే వరస తిరగబడుతుంది. అప్పుడు పనిచేసే చోటి ఇన్సూరెన్స్ ముందు, ప్రభుత్వం తర్వాత. వరస ఒక్కచోట తప్పిందా, ఇక వీళ్లు వాళ్లని చూపిస్తారు, వాళ్లు వీళ్లని చూపిస్తారు. మధ్యలో రోగి రెంటికీ చెడ్డ రేవడి.

ఆ పూట కిటికీ అవతల నిలబడింది అలాంటివాళ్లలో ఒకావిడే. బస్సు కండక్టరుగా రిటైరైనాయన భార్య. మోకాలి ఆపరేషన్ కాగితాలన్నీ దిండు గలీబులో పెట్టి పట్టుకొచ్చింది.

"రెండోవాళ్లు తిప్పి పంపారమ్మా. ముందు గవర్నమెంటు కాగితం పెట్టమంటున్నారు" అంది.

"ముందు రెండోవాళ్లకి ఎందుకు పంపారు?"

"వాళ్ల ఆఫీసు మా ఇంటి దగ్గర. గవర్నమెంటు ఆఫీసుకి రెండు బస్సులు మారాలి." ముసలావిడ కాస్త చిరాకుపడింది. "రెండూ మావేగా తల్లీ, ఏది ముందైతే ఏమైంది?"

"రెండూ మీవే పెద్దమ్మా. మీరే ఎవరివాళ్లూ కారు" అంది రెండో మేడమ్. అని, దిండు గలీబు లోపలికి తీసుకుంది. పావుగంటలో కాగితాలన్నీ వరసలో పెట్టి, ఏ పేజీ మీద సంతకం కావాలో పెన్సిల్‌తో చుక్కపెట్టి, గలీబు మడతపెట్టి తిరిగి ఇచ్చింది. ముసలావిడ కళ్లొత్తుకుని చల్లగా ఉండమంది. రోజుకు నలుగురైదుగురు అంటారు ఆ మాట. అంతమంది అన్నా ఆమెకు ఎన్నడూ చల్లగా లేదు.

పదకొండున్నరకు తపాలా కట్టలో ఒక పొడుగాటి కవరు వచ్చింది. మూల మీద నీటి సరఫరా కేంద్రం ముద్ర. రెండో మేడమ్ దాన్ని చింపలేదు. లేచి వెళ్లి ఒకటో బల్ల మీద పెట్టింది. సొంతవాళ్ల ఫైలు ఏ ఉద్యోగీ ముట్టుకోకూడదని ఆసుపత్రి నియమం. ఆమె అన్నయ్య ఫైలు కాబట్టి రెండు బల్లల పనీ దాని వరకు ఒకటో బల్ల ఆవిడే చూస్తోంది. ఆవిడ మంచిదే, పనిమంతురాలే, కానీ సగం రోజు ఇంట్లో పిల్లలతో ఫోన్‌లోనే గడిచిపోతుంది. వందలమంది ముక్కూమొహం తెలియని వాళ్ల చిక్కులు విప్పిన రెండో మేడమ్, సొంత అన్న ఫైలు ఎదురు బల్ల మీద దుమ్ముపడుతుంటే చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చుంది. నియమం పెట్టినవాడికి అన్న లేడు కాబోలు.

ఆ ఫైలు కథ నలభై అయిదు రోజులనాడు మొదలైంది. అన్నయ్యకు అరవై ఎనిమిదేళ్లు. నీటి పంపుల కేంద్రంలో నలభై ఏళ్లు మెకానిక్‌గా చేసి ఎనిమిదేళ్ల కిందట రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు అరిగిపోయాయి. పనిలో ఉండగా ఒకసారి క్లోరిన్ గదిలో గ్యాసు లీకైతే, అందరూ బయటికి పరుగెడుతుంటే తాను లోపలికి పోయి వాల్వు కట్టేసి వచ్చాడు. దాని తాలూకు దగ్గు ఆయనతోపాటే ముసలిదైంది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచి పంపిస్తూ, గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్ ఇంట్లో పెట్టాలని, రోజుకు పదహారు గంటలు దాని గొట్టం ముక్కుకు ఉండాలని డాక్టరు రాశాడు. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే మిషన్ మర్నాడే వస్తుంది. ఒప్పుకోవాల్సినవాళ్లే ఇద్దరు.

ఇంటికి పంపేరోజు ఫారం ఒకటి నింపాలి. ఆమె మందుల కోసం కిందికి వెళ్లింది. ఆ పది నిమిషాల్లో అన్నయ్యే పెన్ను తీసుకుని నింపేశాడు. "ప్రస్తుతం ఎక్కడైనా పని చేస్తున్నారా?" అన్న ప్రశ్న ఎదురుగా, గీత దాటేంత పెద్ద అక్షరాలతో "అవును, పంపుల కేంద్రంలో" అని రాశాడు. రిటైరయ్యాక కూడా వారానికి మూడు పొద్దులు అక్కడికి పోయి వస్తుండేవాడు మరి. జీతం లేదు, పిలుపూ లేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని పోవడం, మధ్యాహ్నానికి గ్రీజు మరకతో రావడం. అక్కడ ఏం చేసేవాడో ఆమె ఏనాడూ అడగలేదు. టీ తాగి, పాతవాళ్లతో కబుర్లాడి వస్తాడనుకునేది. ముసలాయనకు పొద్దుపోతుంది, పోనీలే అనుకునేది.

ఆ ఒక్క "అవును"తో వరస తిరగబడింది. పనిచేస్తున్నాడు కనక పనిచోటి ఇన్సూరెన్సే ముందు అన్నారు ప్రభుత్వంవాళ్లు. మా పుస్తకాల్లో ఎప్పుడో రిటైరయ్యాడు కనక ప్రభుత్వమే ముందు, వాళ్ల కాగితం తెండి అన్నారు రెండోవాళ్లు. పంపుల కేంద్రం నుంచి ఉత్తరం కావాలన్నారు ఇద్దరూ. అన్నయ్య దగ్గరే పని నేర్చుకున్న ఇంజినీరు, మంచివాడు కావడమే పాపమైనట్టు, మర్యాదగా రాసిచ్చాడు: "పెద్దలు రిటైరైనప్పటికీ అప్పుడప్పుడు విచ్చేసి మాకు విలువైన సలహాలు ఇస్తుంటారు." సలహాలు ఇవ్వడం పని కిందికే వస్తుందని ప్రభుత్వంవాళ్లు దాన్ని వారం తిరక్కుండా వెనక్కి కొట్టారు.

అప్పుడు రెండో మేడమ్ ఊరుకోలేకపోయింది. ఫైలు ముట్టుకోకూడదన్నారు కానీ ఉత్తరం రాయకూడదని ఎవరూ అనలేదు. ఇలాంటి ఉత్తరాలు ఎందరికో చెప్పి రాయించింది. ఎక్కడా ఓ మెత్తటి మాట ఉండకూడదు. మెత్తగా ఉన్నచోటే వాళ్లు వేలు దూరుస్తారు. ఒక ఆదివారం వంటింటి గట్టు మీద కూర్చుని, గోడ అవతల అన్నయ్య దగ్గుతుంటే, ఆయన గురించి ఆరు వాక్యాలు రాసింది. అవే టైపు చేయించి సంతకం పెట్టమని ఇంజినీరుకు పంపింది.

కవరు వచ్చిన కాసేపటికే ఇంజినీరు ఫోన్ చేశాడు.

"మీరు రాసిచ్చినట్టే చేయించానండీ. ఒక కాపీ హెడ్డాఫీసుకి కూడా పోయింది, రూలు ప్రకారం పంపాలి. ఒక్క మాట. అది పెద్దాయనకి చూపించకండి."

"చూపించాలండీ. కింద ఆయన సంతకం కావాలి."

అతను సరేనండీ అని పెట్టేశాడు.

నలభై అయిదు రోజుల్లో తేలని తగువుల ఫైళ్లు ప్రభుత్వంవాళ్లు మూసేస్తారు. మళ్లీ ఫారం నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజే నలభై అయిదోది. సాయంత్రం నాలుగింటిలోగా సంతకంతో సహా కాగితం అక్కడ ఉండాలి. ఒకటో బల్ల ఆవిడ గడియారం చూసి, మెల్లగా అంది: "మేడమ్, ఆయన సంతకం మీకు తెలుసుగా. ఇక్కడే..."

తెలుసు. చిన్నప్పుడు ఆమె ప్రోగ్రెస్ కార్డుల మీద తండ్రి స్థానంలో పడిన సంతకమే అది. కళ్లు మూసుకుని పెట్టగలదు. పెట్టి ఉంటే పీడా పోయేది. కానీ ముప్పై ఒక్కేళ్లలో ఒక్క దొంగ సంతకం పెట్టని చెయ్యి ఆరోజూ పెట్టలేదు. నిజాయితీ అలవాటైపోయిన మనిషికి అది ఎప్పుడు అక్కరకు రాదో కూడా తెలియకుండా పోతుంది. భోజనం గంటలో వెళ్లి వస్తానని చెప్పి ఆమె కవరు సంచిలో పెట్టుకుంది.

ఇల్లు మూడు స్టాపుల దూరం. రెండు గదులు, చిన్న వంటిల్లు, వీధివైపు ఒక కిటికీ. ఆ కిటికీ దగ్గర కుర్చీలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తలుపు నిండా ఉండే మనిషి. ఇప్పుడు భుజాల ఎముకలకు చొక్కా తగిలించినట్టున్నాడు. చేతులు మాత్రం తగ్గలేదు, ఆ సన్నటి మణికట్లకు ఎవరివో అరువు తెచ్చినట్టున్నాయి. పెదవుల చుట్టూ నీలం. ఒక్కో ఊపిరికీ మెడ నరాలు తాళ్లలా పైకి లేస్తున్నాయి. కుర్చీ పక్కన కొని తెచ్చిన చిన్న సిలిండరు. వారానికి రెండు. ఎక్కువరోజులు రావాలని మధ్యాహ్నం పూట ఆయన దాని మూత బిగించేస్తాడు. వద్దని ఆమె రోజూ అరుస్తుంది, రోజూ ఆయన బిగిస్తాడు.

"ఏంటే చిట్టీ, ఈ వేళప్పుడు?" అన్నాడు. ఆ నాలుగు మాటలకు రెండుసార్లు ఆగాడు.

"సంతకం కావాలన్నయ్యా. మిషన్ కోసం. ఇక్కడ పెట్టు, నేను పోవాలి."

ముందు ఆమె మూత తిప్పి గొట్టం ఆయన ముక్కుకు తగిలించింది. ఆయన కాగితం అందుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆయనకు లేదు. పంపుల దగ్గర డ్యూటీ దిగేవాడు రాసిన పుస్తకం పూర్తిగా చదివాకే ఎక్కేవాడు సంతకం పెట్టాలి. అలా నలభై ఏళ్లు చదివాడు. ఆమె కాగితం కింది భాగం మాత్రమే కనపడేలా మడిచి ఇచ్చింది. ఆయన మడత విప్పాడు.

"సదరు వ్యక్తి మా కేంద్రంలో ఏ పనీ చేయడం లేదు. ఆయన రాకపోకలు ఆయన సొంత కాలక్షేపం కోసమే. అవి కేంద్రానికి అవసరమైనవి కావు. వాటిని మేము పనిగా పరిగణించడం లేదు. రిటైరైన నాటి నుంచి ఆయన సేవలు మేము కోరలేదు, పొందలేదు. ఇకపై ఆయన ప్రవేశాన్ని కూడా అనుమతించబోము." కింద గీత. గీత కింద: "చదివాను, అంగీకరిస్తున్నాను."

ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. ఆమె గోడ గడియారం చూసింది. ఒంటిగంటా ఇరవై.

"ఇది... మావాడు రాసింది కాదే" అన్నాడు.

"ఆయనే సంతకం పెట్టాడు, చూడు."

"సంతకం వాడిదే. వాడి మొహం, 'పరిగణించడం' అని రాయడం వాడికి రాదు. సెలవు చీటీలో కూడా నాలుగు తప్పులుండేవి." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా కాగితాన్ని నలగకుండా పక్కకు పట్టుకున్నాడు. "ఇది నీ రాత కదూ?"

ఆమె తలుపు దగ్గరున్న చెప్పుల వంక చూసింది. "మెత్తగా రాస్తే తిప్పి పంపేస్తున్నారన్నయ్యా. నీకు తెలీదు వాళ్ల సంగతి."

"అది కాదు. నిజమేనా ఇది?"

"ఏది?"

"నేను అవసరం లేదన్నది."

"అబ్బ, కాగితం కోసం రాసిందిలే అన్నయ్యా..."

"కాగితాన్ని అడగట్లేదు. నిన్ను అడుగుతున్నా."

ఈ మనిషి పందొమ్మిదో ఏట తండ్రి పోతే, చదువు మానేసి పంపుల దగ్గర నూనె డబ్బా పట్టుకున్నాడు. తాను పెళ్లి ఊసే ఎత్తకుండా చెల్లెలికి చేశాడు. ఏడాదిన్నర తిరగకుండా ఆమె ఒక పెట్టెతో తిరిగి వచ్చేసిన రోజు, ఎందుకని ఒక్క మాట అడగలేదు. మర్నాడు టైపు పరీక్ష ఫీజు కట్టి రసీదు ఆమె చేతిలో పెట్టాడు. "మనిషికి పనుండాలి చిట్టీ. పనుంటే మిగతావన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు. ఆమె బతుకంతా ఆ రసీదు మీద నిలబడింది. అలాంటి మనిషి ఇంతకాలానికి ఆమెను ఒక్క ప్రశ్న అడిగాడు. దానికి జవాబు ఒక్క ముక్క. అవునన్నా, కాదన్నా ఒక్కటే ముక్క.

ఆమెకు బస్సు కనిపించింది. కిటికీలోంచి, మలుపు దగ్గర.

"ముందు సంతకం పెట్టన్నయ్యా. సాయంత్రం వచ్చాక మాట్లాడుకుందాం" అంది.

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. చూసి, జేబులోంచి తన పెన్నే తీసి, కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని సంతకం పెట్టాడు. పాత అలవాటు కొద్దీ పక్కన తేదీ, తేదీ పక్కన టైమూ వేశాడు: ఒంటిగంటా ఇరవై ఏడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకోకుండా కిటికీ గట్టు మీద ఉంచాడు.

"పో, బస్సు పోతుంది" అన్నాడు.

రెండుంబావుకు కాగితం ఒకటో బల్ల మీదుంది. స్కాన్ చేసి పంపితే రెండున్నరకు ప్రభుత్వం ఆఫీసుకు చేరింది. ఆ తర్వాత గంటన్నర సేపు రెండో మేడమ్ పన్నెండో ఫైలూ, పదమూడో ఫైలూ చూసింది. ఒక ఫైలులో రోగి పుట్టిన సంవత్సరం, ఆపరేషన్ సంవత్సరం ఒకటే పడ్డాయి. పుట్టగానే కంటి శుక్లాలు తీయించుకున్న పసిపాపగా ఒక డెబ్బై మూడేళ్ల టీచరమ్మ నాలుగు నెలలుగా తిరుగుతోంది. ఇంకో రోజైతే దానికి ఒకటో బల్లా రెండో బల్లా కలిసి పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఆమె తప్పు సరిచేసి పక్కన చిన్న సంతకం పెట్టింది.

నాలుగుకు అయిదు నిమిషాలుందనగా ఒకటో బల్ల ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"మేడమ్! వరస సరైపోయింది. గవర్నమెంటు మొదటిది, పంపులవాళ్లది రెండోది. ఇద్దరూ ఒప్పుకున్నారు. మిషన్‌వాళ్లకి కూడా చెప్పేశా, రేపు తొమ్మిదింటికల్లా తెచ్చి బిగిస్తామన్నారు."

రెండో మేడమ్ థాంక్స్ అంది. ఇంటికి ఫోన్ చేసింది. తీయలేదు. మధ్యాహ్నాలు ఆయన తీయడు, కుర్చీ దగ్గర్నుంచి ఫోన్ దాకా నడిస్తే పావుగంట ఆయాసం. కాబట్టి ఆమె కంగారు పడలేదు. నిజం చెప్పాలంటే కొంచెం తేలికపడింది, ఎందుకంటే అడిగిన దానికి జవాబు ఇంకా తయారు కాలేదు.

దాన్ని బస్సులో తయారుచేసుకుంది. ఉత్తరాలు రాసే పద్ధతిలోనే, ఒక మాట పెట్టి, తీసి, ఇంకో మాట పెట్టి. "నువ్వు లేకపోతే ఆ పంపులు తిరగవన్నయ్యా" అంటే నమ్మడు. "నాకు అవసరం" అంటే, అది ఆయన అడిగిన ప్రశ్న కాదు. మెట్లెక్కుతూ కూడా మాటలు మారుస్తూనే ఉంది. చివరికి "నాకు తెలీదన్నయ్యా, ఎప్పుడూ అడగలేదు, నువ్వే చెప్పు, అక్కడ ఏం చేస్తావు నువ్వు?" అని అడుగుదామనుకుంది. ఎనిమిదేళ్ల తర్వాత అడగడానికి కొంచెం సిగ్గేసింది కూడా.

తలుపు తీసేసరికి అన్నయ్య కుర్చీలోనే ఉన్నాడు. తల కిటికీవైపు వాలి ఉంది. గొట్టం మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. సిలిండరు మూత బిగించి ఉంది. రోజూ మధ్యాహ్నం ఎలా బిగించేవాడో అలాగే, అంతే గట్టిగా. పొదుపుకే బిగించాడో, ఇంకెందుకో, ఆ విషయం ఆమె ఆ రోజూ ఆలోచించలేదు, తర్వాతా ఆలోచించలేదు. ఆలోచిస్తే తాను బతకలేనని ఆమెకు తెలుసు. చెయ్యి పట్టుకుంది. ఆ పెద్ద చెయ్యి చల్లబడి చాలాసేపయింది.

ఆమె కేక విని కింది అంతస్తావిడ వచ్చింది, డాక్టరు కోసం తన కొడుకును పంపింది. ఏడవమ్మా, ఏడిస్తే తేలికవుతుంది అని వీపు నిమిరింది. రెండో మేడమ్‌కు ఏడుపు రాలేదు. "రేపు తొమ్మిదింటికి మిషన్ వస్తుందండీ" అని మాత్రం రెండుసార్లు అంది. ఆవిడ మంచినీళ్లు తెస్తానని కిందికి వెళ్లింది.

అప్పుడు తలుపు చప్పుడైంది. ఆమె లేచి సగం తలుపు తీసింది. డాక్టరు కాదు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, చంకలో పాత గుడ్డలో చుట్టిన పొడుగాటిదేదో. పంపుల కేంద్రం వాచ్‌మన్‌నని చెప్పి, గుమ్మంలోనే చెప్పులు విడిచాడు.

"పెద్దాయన ఉన్నారా అమ్మా?"

ఆమె ఏమీ అనలేదు. అతను అది అవుననే అనుకున్నాడు.

"ఏమనుకోకండి తల్లీ. మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఏదో ఉత్తరం వచ్చిందట, పనిలో లేని మనిషి సామాను లోపల ఉండకూడదట, ఈ పూటే తీసెయ్యమన్నారు. మా ఇంజినీరు గారు గది తలుపేసుకుని కూర్చున్నారు, మాట్లాడట్లేదు." సంచి కింద పెట్టాడు. అందులో ఒక టీ గ్లాసు, తువ్వాలు, మసి గుడ్డలు. "ఎలాగూ నేనే రావాలనుకుంటున్నానమ్మా. మూడో పంపు నాలుగు రోజులుగా అదోలా ఉంది. వేడెక్కుతోంది. మావాళ్లెవరికీ అంతుపట్టట్లేదు. ఆయన్ని ఒక్క మాట అడిగిపోదామని."

"ఆయన్ని ఎందుకు?" అంది ఆమె.

"ఆయన కాక ఇంకెవరమ్మా?" అతను చంకలో గుడ్డ విప్పాడు. మూరన్నర పొడవున్న ఇనుప కమ్మీ. ఒక చివర చెక్క పిడి. "ఇదిగో, దీని మొన పంపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. అయిదు పంపులూ అయ్యేదాకా ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. దీని బేరింగు నెలే ఉంటుంది, మార్చండి అని చెప్పి వచ్చేసేవారు. ఆయన చెప్పారంటే ఇంజినీరు గారు మారు మాట్లాడకుండా మార్పించేవారు. ఈ ఎనిమిదేళ్లలో మాకు ఒక్క పంపు కాలలేదమ్మా. ఊళ్లో ఒక్కరోజు నీళ్లాగలేదు."

"అది పనేనా?" అంది రెండో మేడమ్.

అతనికి ఆ ప్రశ్న వింతగా తోచింది. "పని కాకపోతే ఏంటమ్మా? మేమందరం చేసేదానికంటే అదే పని."

ఆమె పక్కకు జరిగింది. వెనక కుర్చీ, కుర్చీలో మనిషి, వాలిన తల అతనికి అప్పుడు కనిపించాయి. "అయ్యో" అన్నాడు. నెత్తి మీది టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. కమ్మీ ఎవరికివ్వాలో తెలియక, గుమ్మం పక్కన గోడకు ఆనించి, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఎదురుగా గోడకు ఆనించిన కమ్మీ. దాని మొన గ్రీజుతో నల్లగా ఉంది. పైన చెక్క పిడి, చెవి ఆనీ ఆనీ, ఒకవైపు చిన్న గుంట పడి నున్నగా మెరుస్తోంది.